ముఖం చూసి తెరిచే తలుపు

“ఫ్యాన్ ఐదు మీద ఎందుకు పెట్టినవ్? కొత్తిమీరంతా ఎగిరిపోతున్నది,” అంది సక్కుబాయి.

“నాకు చెమటలు కారుతున్నయే. ఇయ్యాల పెద్ద ముచ్చటున్నది,” అన్నాడు ఆమె భర్త నర్సింహ.

“ముచ్చట నీకు, ఏరుకునుడు నాకు. మూడు మీద పెట్టు.”

“ఐదే.”

“నాలుగు మీద పెట్టి నోర్లు మూసుకోండ్రి,” అంది మంచం మీంచి నర్సింహ తల్లి చంద్రమ్మ.

నర్సింహ లేచి నాలుగు మీద పెట్టాడు. “చూసినవా? రాజకీయమంటే గిదే. మనమింత, వాళ్ళింత తగ్గుడు.”

అప్పటికే సోఫా మీదున్న అతని కాగితాలు ఎగిరి కొత్తిమీర మీద పడ్డాయి. సక్కుబాయి ఒకటి తీసి చదవడం మొదలుపెట్టింది. డిగ్రీ చదివిన మనిషి. కాగితం చేతికొస్తే చివరి అక్షరం దాకా వదలదు.

అది మునిసిపల్ కౌన్సిల్ తీర్మానం ముసాయిదా. ఐటీ టవర్లు కనిపించేంత దూరంలోనే ఉన్నా వాళ్ళ వార్డుకు నల్లా నీళ్ళు నాలుగు రోజులకొకసారి వస్తాయి. ఆ సంగతి కౌన్సిల్లో ఎత్తితే వినడానికి పాలకపక్షం కుర్చీల్లో సగం ఖాళీ. గుమ్మంలో సంతకం గీకేసి ప్లాట్ల బేరాలకు పోయేవాళ్ళే ఎక్కువ. పరువు పోతోందని పాలకపక్షమే ఒక సంస్కరణ తెచ్చింది. ఇకమీదట సంతకాలుండవు. హాలు తలుపుకు ముఖం గుర్తుపట్టే యంత్రం పెడతారు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దానికి ముఖం చూపించాలి. ఇది నెగ్గాలంటే ప్రతిపక్షం కలిసి రావాలి. ప్రతిపక్షం తరఫున బేరం నడుపుతున్నది నర్సింహ.

“కలిసి పని చెయ్, కానీ జర పైలం,” అని జిల్లా అధ్యక్షుడు ముందే హెచ్చరించాడు. “వాళ్ళు మనల్ని బోల్తా కొట్టిస్తే ఆ కుర్చీల నువ్వుండవు.”

ఆ కుర్చీ అంటే నర్సింహకు ప్రాణం. మూడేళ్ళలో ఒక్క సమావేశం తప్పలేదు.

“‘సభ్యులు గానీ, వారి తరఫున వచ్చినవారు గానీ’ అని రాసిండ్రేంది?” అంది సక్కుబాయి.

“రాస్తే ఏమైతది?”

“ఏమైతదా? వాళ్ళు ఇంట్ల పండుకొని డ్రైవర్లను తోలుతరు. యంత్రం డ్రైవర్ మొకం జూసి తలుపు తీస్తది. నువ్వు నీళ్ళ గురించి డ్రైవర్లకు చెప్పుకో.”

నర్సింహ నుదురు కొట్టుకున్నాడు. “అబ్బ, ఎంత మోసం! నీకు డిగ్రీ ఉత్తగ ఇయ్యలేదే.”

అతను బండి తీస్తుంటే పక్కింటి ఈరమ్మ గోడ మీంచి కేకేసింది. “కౌన్సిలర్ సాబ్! నల్లా రాక అయిదొద్దులాయె!”

“ఆ పని మీదనే పోతున్ననమ్మా!” అన్నాడు నర్సింహ హుందాగా.

పాలకపక్షం నాయకుడు పట్టాభిరామయ్య కూకట్‌పల్లి నుంచి వచ్చాడు. ఇద్దరూ కలవడం ఏ పార్టీ వాళ్ళ కంటా పడకూడదని మాదాపూర్‌లో ఒక ఐటీ ఆఫీసు ఫుడ్‌కోర్టులో కూర్చున్నారు. చుట్టూ అందరి మెడల్లో ఐడీ కార్డులు, వీళ్ళ మెడల్లో ‘విజిటర్’ కార్డులు. తెల్లచొక్కాలు చూసి క్యాంటీన్ కాంట్రాక్టర్లనుకుందేమో, ఒకమ్మాయి వచ్చి సాంబారులో ఉప్పు లేదని గట్టిగా చెప్పి వెళ్ళిపోయింది.

“ఉప్పు సంగతి తర్వాత. ‘తరఫున వచ్చినవారు’ అన్న ముక్క కొట్టెయ్యాలె,” అన్నాడు నర్సింహ.

పట్టాభిరామయ్య కాఫీ కప్పు కింద పెట్టాడు. “నిజంగానే అంటున్నారాండీ?”

“నిజంగనే.”

“ఒకసారి ఇంటికెళ్ళి ఆలోచించుకోండి. నాకేం తొందర లేదు.”

“ఇంట్ల ఆలోచన చేసినంకనే వచ్చిన.”

“తర్వాత నన్ననకూడదు మరి.”

భయపడ్డాడు, అనుకున్నాడు నర్సింహ. గొంతు పెంచాడు. “బంధువు లేడు, బామ్మర్ది లేడు. ఓట్లతోని గెలిచినోళ్ళ మొకానికే తలుపు తెరవాలె. లేకుంటే మా మద్దతు లేదు!”

“మీ ఇష్టమండీ.” పట్టాభిరామయ్య జేబురుమాలు నోటికడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గాడు.

గురువారం తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. నర్సింహ పది నిమిషాలు మాట్లాడాడు, బల్లలు మోగాయి. పాలకపక్షం వాళ్ళయితే ఇంకాస్త గట్టిగా కొట్టారు. జిల్లా అధ్యక్షుడు ఫోన్ చేసి, “శభాష్, వాళ్ళ కోరలు పీకినవ్,” అన్నాడు.

ఆ రోజు అందరూ కలిసి భోజనానికి కూర్చున్నారు. కూతురు వర్షిత ఫోన్ చూసి, “డాడీ, మునిసిపల్ ఆఫీసు నుంచి మెసేజ్. సోమవారం పొద్దున యంత్రంలో ముఖాలు ఎక్కిస్తారట,” అంది.

“ఏమే, తెల్లంగి ఇస్త్రీకియ్యి,” అన్నాడు నర్సింహ పప్పు కలుపుతూ.

“అంగీ ఎందుకు? నా చీర ఇస్త్రీకిచ్చిన,” అంది సక్కుబాయి.

“నీ చీరెందుకు?”

ఆమె అందరికీ నెయ్యి వడ్డించి, తన కంచం ముందు కూర్చుని, నిదానంగా చెప్పింది. “సోమవారం నుంచి మీటింగుకు నేను పోత. నీళ్ళ సంగతి నేనే అడుగుత.”

నర్సింహ చేతిలో ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. వర్షిత కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది.

“మరి వీడు?” అంది చంద్రమ్మ.

“నల్లా ఎప్పుడొస్తదో తెల్వది. బిందెలు పట్టనీకె ఇంట్ల ఒకరుండాలె గద, అత్తమ్మా.”

మూడేళ్ళ కిందట ఆ వార్డులో ఓట్లేయించుకుని గెలిచింది సక్కుబాయి.