ఇస్త్రీ మడతలు

ఎన్నికల సభలో కాల్పుల కేసని భరద్వాజ్‌ని పట్టుకెళ్లిన మర్నాడు, ఇన్‌స్పెక్టర్ మయూర్ విహార్‌లోని మా ఫ్లాట్‌కి వచ్చాడు. సివిల్స్‌కి చదువుతున్న ఆ కుర్రాడు మా ఇంట్లోనే ఒక గదిలో అద్దెకుంటున్నాడు.

“ఏ పార్టీలోనైనా తిరిగేవాడా, మాతాజీ? అది తేలితే ఇక బెయిల్ రాదు.”

“లైబ్రరీకి తప్ప ఎక్కడికీ తిరగడు.”

అతను భరద్వాజ్ గదిలో అలమర తెరిచాడు. కింది అరలో ఒకే పార్టీ కండువాలు, అంచుకి అంచు కలిపి ఇస్త్రీ చేసిన దొంతర.

“అచ్ఛా! దేవుడి బట్టల్లా దాచుకున్నాడే!”

“ఆ అర నాది. అవి నా మసిబట్టలు. మెట్రో దగ్గర పార్టీవాళ్లు దారినపోయే వాళ్ల మెడలో వేసేస్తుంటారు. వీడు తెచ్చి నాకిస్తాడు. వేడి గిన్నెలు దించుకుంటాను.”

“మసిబట్టలకి ఇస్త్రీయా?”

“మా ఇంట్లో అన్నిటికీ ఇస్త్రీయే.”

“మరి మరకలేవీ?”

“మా ఇంట్లో మరకలుండవు.”

అన్నాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు.

అతను కండువాలు ఒక్కొక్కటే సంచిలో వేస్తున్నాడు. దొంతర మధ్యలోంచి నా పాత చీర చింపిన ముక్క బయటపడింది. అదే కొలత, అదే మడత.

“చూడండి, ఇదీ మసిబట్టే! దీన్నీ తీసుకెళ్లండి” అని అరిచాను.

“ఇది మీ చీరే కదా, మాతాజీ. మీరే ఉంచుకోండి” అని, మర్యాదగా నా చేతిలో పెట్టాడు.