డాన్ నది ఒడ్డు వరస

గెండెన్ తలుపు తట్టేసరికి దెల్గిర్ టీలో ఉప్పూ వెన్నా కలుపుతోంది.

కోళ్లఫారం బట్టల్లోనే వచ్చాడు ముసలాయన. టోపీ చేతిలో ఉంది.

“మీ అమ్మకి బాగాలేదట కదమ్మా. చెవిలో ప్రార్థన చదివి పోతాను.”

“పెళ్లాం గెంటేశాక ప్రార్థనలు గుర్తొచ్చాయా బాబాయ్?”

గెండెన్ గడప బయటే ఆగాడు.

ఒకప్పుడు ఆయన భిక్షువు. యుద్ధం అయ్యాక జర్మనీలోని శరణార్థి శిబిరంలో భిక్షువు వస్త్రం వదిలేసి, ముగ్గురు పిల్లలున్న నోగాకు భర్తయి అమెరికా ఓడెక్కాడు. దిగిన వారానికే ఫారంలో ఒంటరిగా గది తీసుకున్నాడు. రష్యా నుంచి వచ్చి న్యూజెర్సీలో స్థిరపడ్డ కల్మిక్ బౌద్ధులంతా నవ్వుకున్నారు. కారుషెడ్డును గుడిగా మార్చుకున్నాక కూడా ఆయన్ని తలుపు పక్కనే కూర్చోబెట్టారు.

లోపలి గదిలోంచి అమ్మ నీరసంగా అడిగింది. “ఎవరే?”

“కోడిగుడ్లాయనలే అమ్మా.”

“మన డాన్ ఒడ్డు గుడిలో చదివే వరస ఒక్కసారి వినాలనుందే. అది చెవిన పడితే ఇంటికి పోయినట్టుంటుంది.”

“లామాగారికి కబురు పెట్టాను. వస్తున్నారు.”

“ఆయనది వోల్గా వైపు వరస. అది విని పోతే దారి తప్పి వోల్గాలో తేలతాను.”

గెండెన్ గొంతు తగ్గించాడు. “ఆ వరస నాకు వచ్చమ్మా. చిన్నప్పుడు ఆ గుడిలోనే నేర్చుకున్నాను.”

“ప్రమాణం తప్పిన నోటితో చదివితే మా అమ్మకి పాపం చుట్టుకుంటుంది. వెళ్లు బాబాయ్.”

“సరేనమ్మా.”

టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

లామాగారు వచ్చారు. శ్రద్ధగా చదివారు. అమ్మ మాత్రం ఇంకేదో వినబడాలన్నట్టు కిటికీ వైపు చెవి ఒగ్గి, అలాగే కన్నుమూసింది.

మర్నాడు నోగా పళ్లెం నిండా వేయించిన రొట్టెలు తెచ్చింది.

“మీ ఆయన్ని రానివ్వలేదని కోపమా అక్కా?” అంది దెల్గిర్.

“ఆయన నా గడప ఒక్కనాడూ తొక్కలేదే.”

దెల్గిర్ తలెత్తింది.

“సంపాదించే మగాడు లేకపోతే ఓడ ఎక్కనివ్వం అన్నారు శిబిరంలో. మనవాళ్లంతా మొహాలు తిప్పుకున్నారు. ఆయనొక్కడే కాగితాల మీద భర్తగా ఉంటానని ముందుకొచ్చాడు. బయటపడితే వెనక్కి పంపేస్తారని నా నోరు కట్టేశాడు. మాకు పౌరసత్వం వచ్చింది నిన్ననే.”

నోగా పళ్లెం మీద గుడ్డ సర్దింది.

“ఇవాళ్టికీ భిక్షువుల నియమం ప్రకారం మధ్యాహ్నం దాటితే ముద్ద ముట్టడు. నేను ఆయన భార్యననే ఆ ఒక్క అబద్ధం తప్ప, ఆయన ఏ ప్రమాణమూ తప్పలేదు.”