కండెలు చుట్టే ఈరమ్మ

తన బిడ్డను పొట్టన పెట్టుకున్నది ఈరమ్మేనని కురుమూర్తి గద్వాల మగ్గాల వాడలో గడపగడపకూ చెప్పాడు.

అవి లడాయి రోజులు, ప్రపంచ యుద్ధం నడుస్తోంది. నూలే కరువు. దొరికిన కాస్త నూలూ ఆయన మగ్గం మీద బూజు పడుతోంది.

ఆయన చీర నడుమ భాగం నేస్తుంటే పక్కన కూర్చుని అంచు పోగు అందించాల్సింది కూతురు కళావతి. తల్లి లేని పిల్ల. పదహారేళ్లది. దసరా నుంచి మంచం దిగలేదు. తిండి లేదు, మాట లేదు. గోడకు మొహం పెట్టి పడుకునేది.

దయ్యం పట్టిందన్నారు వాడవాళ్లు. కురుమూర్తి ధరూర్ భూతవైద్యుడికి కబురు పంపాడు. అమావాస్యకు వస్తానన్నాడాయన.

కబురు పోయిన రెండు రోజులకే గుమ్మంలోకి వచ్చింది ఈరమ్మ. ముసలిది. ఎవరో ఏ ఊరో చెప్పలేదు.

"ఇంత జొన్న గట్క పెట్టు కొడకా, నూలు కండెలకు చుట్టి పెడత."

కళావతి మంచం పక్కనే కూర్చుని చుట్టేది. పిల్లను లెమ్మనలేదు, తినమనలేదు. తన మానాన తను ఏదో చెప్పుకుంటూ పోయేది.

కొన్నాళ్లకు పిల్ల చేయి చాపి పోగు పట్టుకుంది. ఆ సాయంత్రం ఇంత గట్క మింగింది.

"ఏమైందట దానికి?" అన్నాడు కురుమూర్తి.

"ఎందుకని అడగకు. దానికే తెల్వదు. మనసు సొమ్మసిల్లింది. కాలిరిగినోన్ని ఉరకమంటమా? జర ఓపిక పట్టు."

"నువ్వేమన్న హకీమువా?"

"కాదు. దాన్ని కొట్టనియ్యకు కొడకా. గదొక్కటే చెప్తున్న."

అమావాస్య ముందురోజు కళావతి నవ్వింది. ఈరమ్మ ఏదో అంటే పకపకా నవ్వింది.

కురుమూర్తి పరుగున లోపలికి వచ్చాడు. ఇన్నాళ్లు నోరు విప్పని పిల్ల ఇప్పుడే నవ్వడమేమిటి? నవ్వేది బిడ్డ కాదు, దయ్యం. దాన్ని మేపుతున్నది ఈ ముసలిది.

"నడువ్ బయటికి."

ఈరమ్మ పిల్ల చేయి వదల్లేదు. ఆయనే విడదీసి వాకిట్లోకి నెట్టాడు.

మర్నాడు భూతవైద్యుడు వచ్చాడు. మిరపకాయల పొగ పెట్టాడు. వేపబరికెలు విరిగేదాకా కొట్టాడు. "పోయింది" అని చెప్పి వెళ్లాడు.

తెల్లారేసరికి కళావతి బావిలో తేలింది.

దినాలు కాగానే కురుమూర్తి ధరూర్‌కు నడిచాడు. ఆ ముసలిదాని మీద చేతబడి చేయించాలి. భూతవైద్యుడి ఇల్లు కనుక్కుని తలుపు కొట్టాడు.

తీసింది ఈరమ్మ.

"నువ్వా? ఈడేం చేస్తున్నవ్?"

ఆమె అతని మొహం చూసి, అలాగే గడప మీద కూలబడింది.

"ఇది నా ఇల్లే కొడకా. మా బిడ్డకు గూడ గిట్లనే అయితే మా ఆయనే కొట్టి సంపుకున్నడు. గప్పటి సంది ఆయనను ఎవలు పిలిచినా, ఆయన కంటె ముందుగాల నేను పోత."