ఆహ్వానం అందినవాళ్ళు

సమావేశం మొదలు కావాల్సిన వేళ దాటిపోయింది. వేదిక మీద మైకు పెట్టారు, మంచినీళ్ళ సీసాలు పెట్టారు. ఎదురుగా విలేకర్ల కోసం వేసిన కుర్చీలు మాత్రం వేసినవి వేసినట్టే ఉన్నాయి. కొత్తమ్మాయి తలుపు దగ్గర నిలబడి, మెట్ల మీద అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించింది. పీఆర్ ఆఫీసులో ఇంటర్న్‌గా చేరి వారం కూడా కాలేదు. పేరు ఎవరి నోటికీ అలవాటు కాకముందే అందరికీ కొత్తమ్మాయి అయిపోయింది. ఆమె చేతికి వచ్చిన మొదటి పని ఇదే.

పక్క గదిలో పెద్దాయన కూర్చుని ఉన్నారు. చిన్న వర్క్‌షాపు నడిపి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. మంచాన పడ్డ రోగిని ఒక్కరే, ఒక్క చేత్తో మర తిప్పి పక్కకు ఒత్తిగిలించగలిగే మంచం తయారు చేశారు. భార్య కోసం మొదలుపెట్టారు. అది పూర్తయ్యేసరికి ఆవిడ లేరు. ఆవిడకు అందనిది ఇంకెవరికైనా అందాలని, దాని గురించి నలుగురికీ తెలియాలని ఈ ఆఫీసు మెట్లెక్కారు. ఈ రోజు కోసమే లేత నీలం చొక్కా కుట్టించుకున్నారు. రాసుకొచ్చిన కాగితం చూస్తూ పరీక్షకు కూర్చునే పిల్లాడిలా వల్లె వేసుకుంటున్నారు.

"వచ్చారా తల్లీ?" అని అడిగారు.

"వస్తున్నారండీ" అంది.

బయటికొచ్చి, ఎందుకో అనుమానం వచ్చి ఫోన్ తీసి, ఆహ్వానం ఎవరెవరికి వెళ్ళిందో చూసుకుంది. ముచ్చెమటలు పోశాయి. ఏ ఆహ్వానమైనా ముందు ఆఫీసు వాళ్ళకు పంపి తప్పులు చూపించుకోవడం, ఆ తర్వాతే పత్రికలకు పంపడం అక్కడి పద్ధతి. మొన్న ఆఫీసు వాళ్ళకు పంపింది. బాగుందంటే బాగుందని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పుకు ఉబ్బి తబ్బిబ్బై, పత్రికలకు పంపడం మరిచేపోయింది.

ఆఫీసు నడిపే మేడమ్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఉద్యోగం మాట అలా ఉంచి, లోపల కూర్చున్న ఆ మనిషికి ఏం చెప్పాలన్నదే ఆమె బెంగ.

మేడమ్ కేకలు వేయలేదు. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచారు.

"ఆహ్వానం ఎవరికి అందింది?"

"మన వాళ్ళకే మేడమ్."

"అయితే మన వాళ్ళనే పిలువు."

వాయిదా వేస్తే మంచిదేమో అని కొత్తమ్మాయి నసిగింది.

"ఆ ముస్తాబు చూశాక వాయిదా అని నువ్వు చెప్పగలవా? నేను చెప్పలేను. ఈ పూటకి ఆయన మాట వినే మనుషులు కావాలి. రేపు ఒక్కో పత్రికాఫీసుకూ నేనే వెళ్తాను. నీ సంగతి సాయంత్రం మాట్లాడదాం."

తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. అకౌంటెంట్ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి క్షణాల్లో ఆర్థిక విలేకరి అయిపోయాడు. డ్రైవర్ మెడలో కెమెరా పడింది. మేడమ్ అత్తగారిని ఇంట్లోంచి హుటాహుటిన రప్పించి, మహిళా పత్రిక అని చెప్పి ముందు వరుసలో కూర్చోబెట్టారు. అయినా కుర్చీలు మిగిలితే కింద షాపు టైలర్ మాస్టర్‌ని, వద్దు మొర్రో అంటున్నా వినకుండా లాక్కొచ్చారు. అతను వెనక వరుసలో కూలబడ్డాడు. పెద్దాయన వేదిక ఎక్కగానే చటుక్కున పేపరు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. విలేకరి అంటే పేపరు చదివేవాడనుకున్నాడు కాబోలని కొత్తమ్మాయి తల పట్టుకుంది.

పెద్దాయన చూపు ఒక్కో వరుసా దాటుతూ వెనక వరుస దాకా వెళ్ళి కాసేపు ఆగింది. చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఇది చదవను. మీతో మాట్లాడతాను" అన్నారు.

మాట్లాడారు. రాత్రుళ్ళు భార్యను పక్కకు తిప్పబోయి తన నడుం పట్టేయడం, తిప్పిన ప్రతిసారీ ఆవిడే తనను క్షమించమనడం, ఆ మాట ఇక వినలేక మంచం పని మొదలుపెట్టడం. డ్రైవర్ కెమెరా కిందికి దించేశాడు. ఇలాంటి మనిషినా మోసం చేస్తున్నామని కొత్తమ్మాయికి కళ్ళు చెమర్చాయి.

ప్రశ్నల వేళ వచ్చింది. మేడమ్ అత్తగారు లేచారు. ఏం అడగాలో కోడలు చెప్పే పంపింది. ఆవిడ అవేవీ అడగలేదు.

"మా ఆయన చివరి రోజుల్లో నేనూ ఇలాగే తిప్పేదాన్ని బాబూ. నాలాంటి దాని చేతికి ఆ మర తిరుగుతుందా?"

మహిళా పత్రిక మాట గాలికి పోయింది. పెద్దాయన వేదిక దిగి వచ్చి, ఆవిడను పక్కనే ఉంచిన మంచం దగ్గరికి తీసుకెళ్ళి, చెయ్యి పట్టుకుని మర మీద పెట్టించారు. అది తేలిగ్గా తిరిగింది. ఆవిడ ఇంకోసారి తిప్పి, కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. అకౌంటెంట్ తాను విలేకరినన్నది మరిచిపోయి చప్పట్లు కొట్టాడు. పేపరు వెనక నుంచి కూడా చప్పట్లు వినిపించాయి.

వెళ్ళబోతూ పెద్దాయన మేడమ్‌తో గట్టిగానే అన్నారు.

"ఇంత మనసు పెట్టి వినే విలేకర్లు ఎవరికి దొరుకుతారమ్మా? వీళ్ళను పిలిచిన పిల్లను మాత్రం వదులుకోకండి."

మేడమ్ కొత్తమ్మాయి వైపు చూశారు. "వదులుకోనండీ" అన్నారు. సాయంత్రం మాట్లాడాల్సింది అక్కడే తేలిపోయింది. ఆ పిల్లకు మాత్రం ప్రాణం కుదుటపడలేదు. ఆయన్ను సాగనంపడానికి వెంట మెట్లు దిగింది. బస్సు స్టాపు దాకా వచ్చాక ఇక ఆగలేకపోయింది.

"తాతగారూ, మీకో నిజం చెప్పాలి. లోపల కూర్చున్నవాళ్ళు..." అంటూ మొదలుపెట్టింది.

ఆయన చెయ్యెత్తి ఆపారు. కొత్త చొక్కా కాలరు సర్దుకుని నవ్వారు.

"వెనక వరుస విలేకరికి చెప్పు తల్లీ, చొక్కా బాగా కుదిరిందని."