చేతుల్లేని గౌను

గౌను కిటికీ ఊచకి వేలాడుతోంది. గాలి లోపల దూరినప్పుడల్లా దానికి భుజాలొస్తున్నాయి, నడుమొస్తోంది. అటు తిరిగి నిలబడ్డ ఆడపిల్లలాగే ఉంది.

వాచీలు బాగుచేసే ఆయన కంటికున్న భూతద్దం తీసేసి, తన బల్లను గోడవైపు జరుపుకున్నాడు. ప్రతి వేసవిలోనూ జరుపుకుంటాడు. అయినా ఎవరో వీపునే చూస్తున్నట్టు ఉండటం మాత్రం తప్పదు.

వెనకాల ఆయన భార్య ఆ గౌనుకి పెట్టాల్సిన కట్టు నాడాలు విడిగా కుడుతూ మిషను తొక్కుతోంది.

కూతురు తన బట్టలు తనే కుట్టుకునేది. పాత పేపరు మీద కొలతలు గీసి కత్తిరించి, ఆ కటింగుని గుడ్డ మీద పరిచి, గుండుసూదులు గుచ్చేది. కొన్నేళ్ళ కిందట ఓ వేసవిలో, ఎండలు మండిపోతున్నాయని లేత పసుపు నూలు గుడ్డతో చేతుల్లేని గౌను కుట్టుకుంది. వేసుకొచ్చి తండ్రి ముందు గిర్రున తిరిగింది. ఆయన భూతద్దం కంటికి పెట్టుకుని వాచీ మీదికి వంగిపోయాడు. మర్నాడు అది తీగ మీద ఆరుతుంటే, ఆ పిల్ల కత్తెరతోనే పేలికలు చేశాడు. సాయంత్రానికి పిల్ల ఇంట్లో లేదు.

ఆయన వెతకని బస్టాండు లేదు. దొరికితే కాళ్ళు విరగ్గొట్టి మూల కూర్చోబెడతానని వీధిలో నిలబడి అరిచాడు. చివరికి భార్య వాళ్ళ అక్కగారి ఊరొక్కటే మిగిలింది. ముందు నేను వెళ్ళి చూసొస్తానని భార్య బయల్దేరింది.

తిరిగొచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి చెప్పింది. బస్సు లోయలో పడిందట. పిల్ల చచ్చిపోయిందట. మనం వెళ్ళి చూడ్డానికి ఏమీ మిగల్లేదట.

ఆయన వెతకడం మానేశాడు. అరవడమూ మానేశాడు.

ఆ మరుసటి వేసవిలో మొదలైంది ఇది. భార్య బీరువా అడుగునుంచి కూతురి పేపరు కటింగు తీసింది. అదే చేతుల్లేని గౌను కుట్టింది. ఇస్త్రీ చేసి కిటికీకి తగిలించింది. కొన్నాళ్ళు అక్కడే ఊగింది. ఒక ఉదయం చూస్తే ఉత్త హ్యాంగరు మిగిలింది.

ఏమైందని అడగడానికి ఆయనకి నోరు రాలేదు. ఆవిడేమో మోకాళ్ళ నొప్పులతో మంచమెక్కిన అక్కగారిని చూసి రావాలని సంచి సర్దుకుంటోంది. ఆయన మెల్లగా వెళ్ళి పెరటి తలుపు చూశాడు. గడియ వేసే ఉంది.

అప్పట్నుంచి ఏటా అంతే. గౌను వస్తుంది, ఊగుతుంది, మాయమవుతుంది. ఆ రోజుల్లో ఆయన పెరటి గడియ తీసే ఉంచుతున్నాడు. వచ్చేదాన్ని గడియలు ఆపవని తెలుసు. అయినా మర్యాదంటూ ఒకటుంటుంది కదా.

పక్కింటావిడ ఓసారి గోడ మీంచి తొంగి చూసి నవ్వింది. "ఏటేటా గౌను కుడుతోందే మీ ఆవిడ, వేసుకునేది మీరేనా అన్నయ్యగారూ?" ఆయనా నవ్వబోయాడు. మొహం మాట వినలేదు.

ఈ ఏడు భయం ఇంకో దారిన వచ్చింది. భార్య లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళినప్పుడు, మిషను పక్కన పరిచిన పాత కటింగు ఆయన కంటబడింది. కూతురు గీసిన పెన్సిలు గీతల పక్కన, నడుము పొడుగునా, కొత్త కాగితం ముక్కలు అతికించి ఉన్నాయి. పిల్ల సన్నగా వెదురుబద్దలా ఉండేది. ఈ నడుము ఎవరిది?

"ఏమే," అన్నాడు, ఆవిడ రాగానే. "ఆగిపోయిన గడియారంలో ముల్లు కదలదు. పోయిన మనిషికి ఒళ్ళొస్తుందటే?"

ఆవిడ పళ్ళతో దారం తెంపింది. "మీరు గోడవైపు తిరిగి కూర్చోండి. అలవాటేగా."

ఆయన తిరగలేదు. లేచి కిటికీ దగ్గరికి నడిచాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ గౌనుని ముట్టుకున్నాడు. ఎండకి కాగి వెచ్చగా ఉంది, ఇప్పుడే ఎవరో ఒంటిమీంచి తీసినట్టు.

"నన్ను భయపెట్టడానికే వస్తోందనుకునేవాణ్ణి," అన్నాడు గౌనుతోనే మాట్లాడుతున్నట్టు. "ఇప్పుడు రాకపోతేనే భయం. ఒక్కసారి కనిపిస్తే చాలు. మళ్ళీ గిర్రున తిరగమంటాను. బాగుంది తల్లీ అంటాను. ఆ రోజు ఆ మాట నోటిదాకా వచ్చిందే. నిజంగానే బాగుంది."

గౌనుకి అంచు ఇంకా మడవలేదు. వాచీలవాడి కన్ను కదా, తేడా ఇట్టే పట్టేసింది. వెనకకన్నా ముందు భాగం బాగా కిందికి దిగి ఉంది. పాపం, మా ఆవిడకి చూపు ఆనడం లేదనుకున్నాడు. గౌను దించి ఒళ్ళో పరుచుకున్నాడు. మొదటి ప్రయత్నంలోనే సూదిలో దారం ఎక్కించాడు. ముందు భాగాన్ని వెనకదానికి సరిగ్గా సమంగా మడిచి కుట్టడం మొదలుపెట్టాడు. కత్తెర పట్టిన ఆ చేతులే, వాచీ చక్రం పళ్ళలా చిన్న చిన్న కుట్లు వేస్తున్నాయి. కళ్ళు తుడుచుకోవడానికి ఆగుతున్నాడు, మళ్ళీ కుడుతున్నాడు.

మిషను ఎప్పుడాగిందో ఆయన గమనించలేదు.

భార్య ఆయన్నే చూస్తోంది, తాళం వేసిన తలుపు తీయాలా వద్దా అని తేల్చుకుంటున్న మనిషిలా. ఆ తర్వాత వచ్చి పక్కన కూర్చుంది. ఆయన వేసిన కుట్లు ఒక్కొక్కటీ విప్పి, ముందు అంచుని మళ్ళీ కిందికి వదిలింది.

"అంత పైకి మడవకండి," అంది, "పోయిన ఆదివారం మా అక్కగారింట్లో కొలతలు తీస్తుంటే, ఏడో నెల పొట్టకి ముందు అంచు పైకి లేచిపోతుంది, కాస్త కిందికి వదలమ్మా అంది మీ అమ్మాయి."