యాభై నిమిషాల లోపు

"ఇవాళ కుదరదు జోగయ్యా, ఇంకెవరినైనా చూసుకో," అన్నాడు మురళీమోహన్, ఫోను చెవికి అదుముకుని.

మర్నాడు విజయనగరంలో జరిగే పది కిలోమీటర్ల పరుగుకి నంబర్లు పంచుతున్న టెంటు అది. చుట్టూ గోల. అయినా అవతలి గొంతులోని వణుకు వినిపిస్తూనే ఉంది.

"అలగనకండి బాబూ. తులసికి ఆపరేసను సేసి బిడ్డని తీసినారు. రగతం ఆగట్లేదంట. ఓ నెగటివ్ కావాలంటన్నారు. ఇక్కడ పెద్దాసుపత్రిలో ఒక్క సీసాయే ఉన్నాదంట. మీదీ అదే గదా. మీరీ ఊర్లోనే ఉన్నారని అమ్మగారు సెప్పినారు."

"రేపు పొద్దున్న నాకు పరుగుంది. ఇప్పుడు రక్తం ఇస్తే పరిగెత్తలేను. అదవగానే తిన్నగా వచ్చేస్తాను, సరేనా?"

"రేపటిదాకా అంటే..."

మురళి ఫోను పెట్టేశాడు. బొబ్బిలిలో అతని పొలం పనులన్నీ చూసేది జోగయ్యే. తులసి జోగయ్య ఒక్కగానొక్క కూతురు.

పక్కనే ఉన్న గిరిబాబు అంతా విన్నాడు. మురళికి వరసకి బావ. రెండేళ్ళుగా ఇద్దరూ పొద్దున్నే కలిసి పరిగెడుతున్నారు.

"అదేటిరా అలాగనేశావు? వెళ్ళు. ఈ పరుగు పోతే ఇంకోటి వస్తాది."

"ఎక్కడొస్తాది బావా? మారథాన్ ఇంక ఆరు వారాలే ఉన్నాది. సార్ ఏమన్నారు? రేపు యాభై నిమిషాల లోపు రాకపోతే నలభై రెండు కిలోమీటర్ల ఊసెత్తొద్దన్నారు. నువ్వంటే నలభై ఎనిమిదిలో వచ్చేస్తావు. నాకు అలాగ కాదు."

గిరిబాబు తన నంబరు తీసుకుని, చెల్లెలింటికని వెళ్ళిపోయాడు.

వాళ్ళకి పరుగు నేర్పే భీమశంకరరావు సార్‌ది ఒకటే లెక్క. పది కిలోమీటర్లు ఎంతలో పరిగెడతావో చూపించు, నలభై రెండు పరిగెత్తగలవో లేదో నేను చెప్తాను అంటాడు. ఆయన మాట కాదని పెద్ద పరుగుకి వెళ్ళి మోకాళ్ళు పాడుచేసుకున్న వాళ్ళని మురళి చూశాడు. అందుకే ఫోను పెట్టేసినందుకు తనకి తాను సర్ది చెప్పుకున్నాడు. అంత పెద్ద ఊళ్ళో ఎవరో ఒకరు దొరక్కపోతారా అనుకున్నాడు. అనుకున్నాడే గాని ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు పరుగు మొదలయ్యాక కూడా "రేపటిదాకా అంటే" అన్న మాటే చెవిలో గింగురుమంటోంది. దాన్ని వదిలించుకోడానికన్నట్టు ఇంకా వేగంగా పరిగెత్తాడు. నాలుగో కిలోమీటరు దగ్గర ముందు గిరిబాబు కనిపించాడు. ఎప్పుడూ వీపు తప్ప ముఖం చూపించని మనిషి, ఇవాళ నడుం మీద చేతులు వేసుకుని నడుస్తున్నాడు.

"ఏటయింది బావా?"

"ఏటీ లేదు. నీ టైము చూసుకో. పో."

మురళి ఒక్క క్షణం తటపటాయించాడు. తరవాత వెళ్ళిపోయాడు.

నలభై తొమ్మిది నిమిషాల ముప్ఫై సెకన్లు. సార్ వచ్చి భుజం తట్టాడు. "శభాష్! పేరు రాసేస్తున్నాను. నువ్వు ఫుల్ మారథాన్ పరిగెత్తొచ్చు."

రెండేళ్ళుగా ఎదురుచూసిన మాట. సంతోషం మాత్రం రాలేదు.

గిరిబాబు గంట దాటాక వచ్చాడు. ముఖం పాలిపోయింది. వచ్చీ రాగానే గట్టు మీద కూలబడ్డాడు. సార్ చేతిలో గడియారం చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఏమిటయ్యా ఇది? గంటా రెండు నిమిషాలా! ఈ ఏడాదికి నువ్వు ఆగిపో గిరిబాబూ. ఈ ఒంటితో నలభై రెండు పరిగెడితే పడిపోతావు."

"అలాగే సార్," అన్నాడు గిరిబాబు. మరో రెండు నెలల్లో అతనికి యాభై నిండుతాయి. ఈలోగా ఒక్క మారథాన్ పరిగెత్తాలని అతని కోరిక. ఆ సంగతి మురళికి తెలుసు. తెలిసీ, ఏదో తేలిక చేద్దామని నోరు జారాడు.

"ముసలాడివైపోయావు బావా!"

"అవునురా," అని నవ్వాడు గిరిబాబు. ఆ నవ్వుకి మురళి తలొంచుకున్నాడు. జోగయ్య కూడా తన మాటకి ఎప్పుడూ అవుననే అంటాడు.

మరి అక్కడ నిలబడలేకపోయాడు. మెడలో పతకం తీసి జేబులో కుక్కుకుని ఆటో ఎక్కాడు. దారిలో జోగయ్యకి మూడుసార్లు ఫోను చేశాడు. ఎత్తలేదు. "కొంచెం తొందరగా పోనీ బాబూ," అని ఆటోవాడిని బతిమాలాడు. నిన్న ఇదే దూరానికి పావుగంట చాలేది. ఆ పావుగంట ఎందుకు ఇవ్వలేకపోయానా అని కళ్ళు మూసుకున్నాడు.

ఆసుపత్రి వరండాలో జోగయ్య గోడకి చేరబడి కూర్చున్నాడు. మురళిని చూడగానే గబగబా లేచొచ్చాడు. తిడతాడేమో, తిడితే బాగుణ్ణు అనుకున్నాడు మురళి. జోగయ్య వంగి అతని కాళ్ళు పట్టుకున్నాడు.

"తులసి బతికింది బాబూ. ఇందాకే కళ్ళు తెరిసి పిల్లని సూసింది. మీ సలవే!"

"నా చలవేమిటి జోగయ్యా? నేను రానేలేదు. రక్తం ఎవరిచ్చారు?"

జోగయ్య కళ్ళు తుడుచుకుని అతని వంక ఆశ్చర్యంగా చూశాడు.

"అదేటి బాబూ, అలాగంటారు? ఫోను పెట్టేసినాక మీకు మనసొప్పలేదంట గదా. 'మా ఇద్దరిదీ ఒకటే గ్రూపు, మురళే బతిమాలి నన్ను పంపినాడు' అని సెప్పి మరీ, నిన్న సాయంత్రం గిరిబాబు గారు వొచ్చి రగతం ఇచ్చి ఎల్లినారు."