నమలని ఆకు

"కూర్చో అరాలీ! అలా తిరిగితే నేల అరిగిపోతుంది."

డాక్టర్ కెమిగిసా మైక్రోస్కోపు మీంచి తలెత్తలేదు. అరాలీ కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

బల్ల మీద రెండు సీసాలు. ఒకదాని మీద 'అరాలీ' అని చీటీ. రెండోదాని మీద 'ముగురుసి' అని. రెండు చీటీలూ అరాలీ అంటించినవే. ముగురుసి అంటే ముసలాడు. కిబాలే అడవిలో ఆ గుంపుకంతటికీ పెద్ద చింపాంజీ. పద్దెనిమిదేళ్లుగా అరాలీ పని ఒక్కటే. వాటి వెంట నడవడం, మలం సీసాలోకెత్తి తేవడం.

మూడు నెలలకోసారి పనివాళ్లు తమదీ ఇవ్వాలి. మనిషి కడుపులో పురుగులుంటే చింపాంజీలకు అంటుకుంటాయి. అరాలీ ఇప్పటికి రెండుసార్లు దొరికాడు. మూడోసారి దొరికితే ఇక అడవిలో అడుగు పెట్టనివ్వరు.

"టీ తాగు."

ఒక్క గుక్క తాగి మొహం చిట్లించాడు.

"ఏమైంది?"

"నాలుక కాలింది డాక్టరమ్మా."

"అంత తొందరేం? ముందు నీ సీసాయే చూస్తున్నాలే."

చాలాసేపు చూసింది.

"ఇదేంటయ్యా, నిండా మేడి గింజలు! ఇంట్లో వండి పెట్టడం లేదా?"

"దారిలో ఆకలేసి... నాలుగు పళ్లు తిన్నాను."

"ముసలాడితో పోటీపడి తిన్నట్టున్నావు. పోనీలే, పురుగు గుడ్డు ఒక్కటీ లేదు. బతికిపోయావు."

అరాలీ తలుపు వైపు నడిచాడు.

"ఆగు, మీవాడిదీ చూసి వెళ్లు."

రెండో సీసాలోంచి పట్టకారుతో ఏదో పైకి తీసింది. మడతపడ్డ గరుకాకు. విప్పింది. మడతల్లో తెల్లటి పురుగులు, దారప్పోగుల్లా.

"చూశావా ముసలాడి వైద్యం! కడుపు నొస్తే ఈ ఆకు మడిచి, నమలకుండా మింగేస్తాడు. గరుకు పట్టి పురుగుల్ని ఈడ్చుకొస్తుంది. ఒక్క పంటిగాటు లేదు చూడు. అదే మనకైతే గొంతు దిగుతుందా?"

"ఎక్కడ దిగుతుంది డాక్టరమ్మా."

"కడుపులో ఇంకెన్ని మిగిలాయో పాపం. రేపట్నుంచి వాణ్ణి వదలకు. వాడి వెంటే ఉండు."

ఆమె అతన్ని అడవిలోకి వెళ్లనిచ్చే అనుమతి చీటీ మీద సంతకం పెట్టి ఇచ్చింది.

అరాలీ ఆ చీటీ జేబులో పెట్టుకుని బయటికొచ్చి, మొన్న తను ఆ సీసాలోని ఆకునే మడిచి మింగినప్పుడు గీరుకుపోయిన నాలుకను చల్లగాలికి చాపాడు.